అన్నకి నెలనెలా ఆసుపత్రి, చెల్లికి ఏమీ కాదు: జబ్బు ఒకటే కదా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా శృంగవరపుకోట దగ్గర పల్లె. బాబుకి 13 ఏళ్లు, బరువు 32 కిలోలు. పాపకి 8 ఏళ్లు, 21 కిలోలు. ఇద్దరికీ సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉందని రాసిచ్చారు. బాబు తొమ్మిదేళ్ల దాకా బాగానే ఉండేవాడు. ఆరో తరగతికి అరకులో హాస్టల్లో చేర్చాం. ఆ తర్వాత నెలకోసారి కాళ్లు, నడుం నొప్పులతో మంచాన పడుతున్నాడు. రెండుసార్లు రక్తం ఎక్కించారు. కళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటే కామెర్లని పసరు కూడా పోయించాం. పాపకి ఏడాది వయసులో ఒకసారి చేతులు, పాదాలు వాచాయి, అంతే. దానికి జబ్బే లేదు, రిపోర్టు తప్పు అంటారు అత్తగారు. బాబుకి మా పుట్టింటి నుంచి వచ్చిందంటారు. హైడ్రాక్సీయూరియా 500 క్యాప్సూల్ బాబుకి నొప్పి వచ్చినప్పుడు వేస్తున్నాం. రక్తం పట్టాలని ఐరన్ టానిక్ ఇద్దరికీ పడుతున్నాను. పాపకి కూడా ఆ క్యాప్సూల్ వేయాలా? ఇంకొకటి, మా మరిదికి మా చెల్లెల్ని అడుగుతున్నారు. ఇవ్వొచ్చా? నలుగురి రిపోర్టులూ పంపుతున్నాను.

జవాబు: అమ్మా, రిపోర్టు తప్పు కాదు. పాపకీ సికిల్ సెల్ ఉంది, బాబుకి ఉన్నదే ఉంది. మరి ఇంత తేడా ఎందుకో మీరు పంపిన నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే చాలావరకు తెలుస్తుంది. అసలు విషయం మీ ఆయన కాగితంలో ఉంది, దాన్నెవరూ పట్టించుకోలేదు.

బాబుది చూడండి: హెచ్‌బీఎస్ (సికిల్ రకం హిమోగ్లోబిన్) 82, హెచ్‌బీఎఫ్ (బిడ్డ కడుపులో ఉన్నప్పటి రకం) 11 శాతం, హిమోగ్లోబిన్ 7.4, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 84. పాపది: హెచ్‌బీఎస్ 70, హెచ్‌బీఎఫ్ 23, హిమోగ్లోబిన్ 9.6, ఎంసీవీ 69. బాబు పరీక్ష తేదీ రక్తం ఎక్కించకముందుది, కాబట్టి నమ్మొచ్చు. ఎక్కించాక మూడు నెలల లోపు చేస్తే అందులో దాత రక్తం కూడా కలిసి లెక్క తప్పుతుంది. ఇద్దరి కాగితాల్లోనూ మామూలు హిమోగ్లోబిన్, అంటే హెచ్‌బీఏ, లేదు. మీ ఇద్దరి కాగితాల్లో అది ఉంది, దాంతోపాటు ఎస్ కూడా ఉంది: మీకు 35 శాతం, మీ ఆయనకి 29. అంటే మీరిద్దరూ క్యారియర్లు, జబ్బు లేకుండా ఆ లోపాన్ని మోసేవాళ్లు. పిల్లలు ఇద్దరూ మీ దగ్గర్నుంచి ఒక ఎస్, నాన్న దగ్గర్నుంచి ఒక ఎస్ తెచ్చుకున్నారు. ఒక వైపు నుంచి మాత్రమే వచ్చి ఉంటే బాబు మీలాగే క్యారియరై తిరుగుతుండేవాడు. పుట్టిల్లు, అత్తిల్లు అనే వాదనకి ఆ 29 అంకె చాలు. అది అత్తగారి కొడుకు కాగితంలోనిదే.

సికిల్ కణం లోపల జరిగేది అరిసెలు చేసే ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. పాకం చిక్కబడితే తీగ కడుతుంది. ఎస్ రకం హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేయగానే ఒకదానికొకటి అతుక్కుని అలాగే తీగలు కడుతుంది. ఆ తీగలు ఎర్రకణాన్ని లోపలినుంచి పొడిచి కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే నొప్పి. త్వరగా చితికిపోతే రక్తహీనత, పచ్చ కళ్లు. పాకంలో కాసిని నీళ్లు పడితే తీగ రాదు. పంచదార పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే గడ్డ కట్టదు. పాపకి ఈ రెండూ కలిసొచ్చాయి. బాబుకి రెండూ తక్కువ పడ్డాయి.

నిమ్మరసం లాంటిది హెచ్‌బీఎఫ్. అది కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో ఉండే హిమోగ్లోబిన్. పుట్టిన తర్వాత మెల్లగా తగ్గిపోయి మామూలు పెద్దవాళ్లలో 1 శాతం లోపుకి దిగుతుంది. సికిల్ బిడ్డలకి మొదటి ఐదారు నెలలు ఏ బాధా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇది ఎస్ తీగల మధ్యలో దూరి వాటిని తెంపేస్తుంది. ఎవరిలో ఎంత మిగలాలో నిర్ణయించే జన్యువులు కొన్ని ఉన్నాయి. ఎస్ ఉండేది 11వ క్రోమోజోములో. ఎఫ్‌ని అణిచే బీసీఎల్11ఏ ఉండేది 2వ దాంట్లో. మరో ముఖ్యమైన చోటు 6వ దాంట్లో ఉంది. ఇవేవీ ఒకే మూటలో రావు, ఏ బిడ్డకి ఏ ముక్క అనేది పంపకాల్లో తేలుతుంది. 11వ దాంట్లో ఎస్ పక్కనే కూడా ఎఫ్‌ని పెంచే మార్పు ఉండొచ్చు. మన దేశంలో సికిల్ ఉన్నవాళ్లలో అది చాలామందికి ఉంటుంది, ఆఫ్రికా రోగులకన్నా ఇక్కడ ఎఫ్ ఎక్కువగా కనిపించడానికి కారణాల్లో అదొకటి. కానీ అది ఎస్‌తో అంటుకుని వచ్చేది కాబట్టి, ఒకే తల్లిదండ్రుల నుంచి అదే ఎస్ జతను తీసుకున్న అన్నాచెల్లెళ్లకి అది దాదాపు సమానం. మీ పిల్లల మధ్య 11కీ 23కీ తేడా వచ్చిందంటే ఎక్కువ భాగం వేరే క్రోమోజోముల వల్ల అనుకోవాలి.

ఇక నీళ్లు పోసిన పాకం సంగతి. హిమోగ్లోబిన్‌కి ఆల్ఫా గొలుసులు చేసే జన్యువులు 16వ క్రోమోజోములో ఉంటాయి, తల్లి వైపు రెండు, తండ్రి వైపు రెండు, మొత్తం నాలుగు. వీటిలో ఒకటో రెండో లేకపోవడాన్ని ఆల్ఫా తలసీమియా అంటారు. మన దేశంలో, ముఖ్యంగా గిరిజన జనాభాలో ఇది తరచు కనిపిస్తుంది, విడిగా ఉంటే బాధేమీ పెట్టదు. నాలుగూ ఉన్న సికిల్ క్యారియర్‌కి ఎస్ సుమారు 40 శాతం ఉంటుంది. ఒకటి లేకపోతే 35 దగ్గరికి, రెండు లేకపోతే 29 దగ్గరికి దిగుతుంది. మీకు 35, మీ ఆయనకి 29. మీ ఆయనకి రెండు వైపులా ఒక్కోటి లేకపోతే పిల్లలు ఇద్దరికీ ఆయన నుంచి ఒక లోటు తప్పనిసరిగా వస్తుంది. మీకు ఒకటే లేదు కాబట్టి మీ నుంచి రావడం సగం సగం అవకాశం. పాప ఎంసీవీ 69 చూస్తే మీ లోటు కూడా దానికే వెళ్లినట్టుంది. బాబుకి నాన్న నుంచి వచ్చిన ఒక్కటే, అందుకే 84. ఆల్ఫా తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ కాస్త పల్చగా ఉంటుంది. ఆ కాస్త పల్చదనానికే తీగ కట్టే వేగం ఎన్నో రెట్లు పడిపోతుంది. కణం ఎక్కువ రోజులు బతుకుతుంది, హిమోగ్లోబిన్ 7 దగ్గర ఆగకుండా 9, 10కి చేరుతుంది.

ఒక్క అడ్డంకి ఉంది. ఐరన్ తగ్గినా ఎంసీవీ ఇలాగే పడిపోతుంది, క్యారియర్లలో ఎస్ శాతమూ తగ్గుతుంది. అందుకని నలుగురికీ ఒకసారి ఫెరిటిన్ పరీక్ష (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) చేయించండి. ఐరన్ బాగానే ఉంటే ఆల్ఫా అనుమానమే గట్టిది. డీఎన్‌ఏ పరీక్షతో ఖాయం చేయొచ్చు, కానీ వైద్యం మారదు కాబట్టి దానికోసం అప్పు చేయనక్కర్లేదు. ఫెరిటిన్ వచ్చేదాకా ఐరన్ టానిక్ ఆపండి. సికిల్‌లో రక్తం తగ్గడం ఐరన్ లేక కాదు, కణాలు చితికిపోయి. చితికిన కణాల్లోని ఐరన్ ఒంట్లోనే ఉంటుంది, బాబుకైతే రెండుసార్లు ఎక్కించిన రక్తంతో ఇంకాస్త చేరింది. ఇద్దరికీ రోజూ కావలసింది ఫోలిక్ యాసిడ్ బిళ్ల.

పచ్చ కళ్లకీ ఇదే లెక్క. అది కాలేయం చెడి వచ్చిన కామెర్లు కాదు, చితికిన కణాల రంగు. ఆ రంగుని కాలేయం ఎంత చురుగ్గా బయటకి పంపుతుందనేది కూడా ఇంకో జన్యువు చేతిలో ఉంది, అందుకే ఒకే హిమోగ్లోబిన్ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరి కళ్లే పచ్చగా ఉండొచ్చు. పసరు పోస్తే ఆ పచ్చదనం పోదు, పైగా పథ్యమని నీళ్లు, తిండి తగ్గిస్తే నొప్పి వెంటనే తిరగబెడుతుంది. బాబుకి కుడి డొక్కలో నొప్పి, అన్నం తిన్నాక వాంతి లాంటివి ఉంటే అల్ట్రాసౌండ్ తీయించి పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో చూడమనండి.

పుట్టుకతో వచ్చింది ఇంతవరకు. మిగతాది అరకు. తొమ్మిదేళ్ల దాకా బాగానే ఉన్నాడని మీరే రాశారు. అక్కడ సుమారు 900 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. చలికి చర్మం కింద నాళాలు ముడుచుకుంటాయి, రక్తం మెల్లగా నడుస్తుంది, తీగ కట్టడానికి సమయం దొరుకుతుంది. దీనికన్నా ముఖ్యమైనది నీళ్లు. సికిల్ పిల్లల మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు. తాగినా తాగకపోయినా నీళ్లు పోతూనే ఉంటాయి, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. హాస్టల్లో చలికి బయటికి వెళ్లడానికి బద్ధకించి పిల్లలు సాయంత్రం నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. తెల్లవారేసరికి రక్తం చిక్కబడుతుంది, నొప్పి ఎక్కువగా పొద్దున్నే మొదలైందంటే అనుమానించాల్సింది దీన్నే. 32 కిలోల బాబుకి రోజుకి 2 లీటర్లు తప్పనిసరి, ఎండల్లో, జ్వరంలో రెండున్నర. మంచం పక్కన లీటరు సీసా ఉండాలి. ఇంట్లో ఉన్నప్పుడు చోడి అంబలి, మజ్జిగ, గంజి ఏదైనా ఈ లెక్కలోకే వస్తుంది. హెడ్‌మాస్టరుకి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసివ్వండి: వేడినీళ్ల స్నానం, స్వెట్టర్, అడిగినప్పుడల్లా మూత్రానికి పంపడం, పరుగు పందేల్లో ఆగుతానంటే ఆగనివ్వడం. వచ్చే ఏడాది శృంగవరపుకోటలో బడి దొరికితే ఇంట్లోంచే చదివించడం ఇంకా మంచిది.

పాప దగ్గరికి వద్దాం, ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది ఇలాంటి బిడ్డ విషయంలోనే. ఎనిమిదేళ్ల పాపని పదమూడేళ్ల బాబుతో పోల్చకండి, ఎనిమిదేళ్లప్పటి బాబుతో పోల్చండి. అప్పుడు వాడూ బాగానే ఉన్నాడు కదా. పైగా ఏడాది వయసులో చేతులు, పాదాలు వాయడం ఉత్తినే కాదు, చిన్నపిల్లల్లో సికిల్ నొప్పి మొదట కనిపించేది అలాగే. ఎఫ్ ఎక్కువ ఉండటం మంచిదే. కానీ ఆల్ఫా లోటు అన్నిట్లోనూ మేలు చేయదు. రక్తహీనతని, పక్షవాతం ప్రమాదాన్ని తగ్గిస్తుంది. నొప్పిని మాత్రం తగ్గించదు. హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ రక్తం చిక్కనవుతుంది కాబట్టి తుంటి ఎముక తల చచ్చుబడటం ఇలాంటివాళ్లలో ఇంకా ఎక్కువ. పాప కుంటినా, గజ్జలోనో మోకాలిలోనో నొప్పి అన్నా అది ఆటలో తగిలిందని వదిలేయొద్దు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది.

ఎంత తేలికగా ఉన్నా ఇద్దరికీ సమానంగా చేయాల్సినవి ఉన్నాయి. న్యుమోకోకల్ టీకా పడిందో లేదో కార్డు చూడండి. సికిల్‌లో ప్లీహం, మన వాడుకలో బల్ల, చిన్నతనంలోనే పని మానేస్తుంది కాబట్టి మామూలు పిల్లలకి రెండు రోజుల్లో పోయే జ్వరం వీళ్లకి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో థర్మామీటర్ ఉంచండి. 101.3 దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. ఎఫ్ ఎక్కువున్న పిల్లల్లో బల్ల పెద్దదిగా చాలా ఏళ్లు మిగిలిపోతుంది. పాపని వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూడటం నేర్పించమని డాక్టరుని అడగండి. నిన్న లేని గట్టి ముద్ద ఇవాళ తగిలి, పిల్ల పాలిపోయి ఉంటే రక్తమంతా బల్లలోకి వెళ్లిపోతోందని అర్థం. గంటల్లో రక్తం ఎక్కించాలి. మెదడు నాళాలకి టీసీడీ అనే అల్ట్రాసౌండ్ 16 ఏళ్లు వచ్చేదాకా ఏడాదికోసారి చేస్తారు. విశాఖ వెళ్లినప్పుడు ఇద్దరికీ ఒకేసారి అడగండి.

ఇంకొక సంగతి, ఇద్దరున్న ఇంట్లో తెలుసుకోవాల్సింది. పార్వో అనే వైరస్ వస్తే వారం పది రోజులు కొత్త ఎర్రకణాలు పుట్టడం ఆగిపోతుంది. హిమోగ్లోబిన్ 7 నుంచి 4కి పడిపోతుంది. ఒకరికి వచ్చిందంటే రెండో బిడ్డకి కూడా ఆ రెండు మూడు వారాల్లోనే రావచ్చు. ఒకరు హఠాత్తుగా పాలిపోతే రెండో వాళ్ల హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూడాలి.

క్యాప్సూల్ సంగతి. హైడ్రాక్సీయూరియా నొప్పి బిళ్ల కాదు. నొప్పి వచ్చిన రోజు వేస్తే ఆ రోజుకి ఏమీ చేయదు. అది చేసే పని, పాపకి పుట్టుకతో వచ్చిన నిమ్మరసాన్ని బాబుకి మందుతో తెప్పించడం. ఎఫ్ పెరగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, అదీ రోజూ వేస్తేనే. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 32 కిలోలకి 480, అంటే రోజుకి ఒక 500 క్యాప్సూల్ సరిపోతుంది. మొదలుపెట్టాక నెలకోసారి, మోతాదు కుదిరాక రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు 80 వేల కిందికి పోయినా, తెల్లకణాలు బాగా తగ్గినా డాక్టరు కొన్నాళ్లు ఆపి తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతారు. వాడు హాస్టల్లో నిజంగా వేసుకుంటున్నాడో లేదో అడగక్కర్లేదు, మూడు నెలలకి ఎంసీవీ 84 నుంచి పైకి పోవాలి. అక్కడే ఉందంటే క్యాప్సూళ్లు పెట్టెలోనే ఉన్నట్టు. వార్డెన్ చేత రోజూ రాత్రి భోజనం తర్వాత ఇప్పించండి. గర్భిణులు ఆ క్యాప్సూల్ విప్పి పొడి ముట్టుకోకూడదు.

పాపకి అన్న క్యాప్సూల్ పంచొద్దు. 21 కిలోలకి 500 అంటే కిలోకి దాదాపు 24 మిల్లీగ్రాములు, మొదలుపెట్టేటప్పుడు అది ఎక్కువ. దానికి మందు కావాలా వద్దా అన్నది దాని అంకెలు, దాని నొప్పుల లెక్క చూసి డాక్టరు చెప్పాలి. నొప్పులు వచ్చిన తేదీ, ఎక్కడ, ఎన్నాళ్లు అని ఒక నోటుపుస్తకంలో ఇద్దరికీ వేరువేరు పేజీలు పెట్టి రాయండి. ఆసుపత్రిలో ఐదు నిమిషాల్లో మీరు నోటితో చెప్పేదానికన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

నొప్పి వచ్చిన రోజు బాబుకి పారాసెటమాల్ 500 ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు దాటకుండా. వేడి కాపడం, నీళ్లు. ఐస్ పెట్టొద్దు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, వీటికి ఇంట్లో వైద్యం లేదు. మగపిల్లలు సిగ్గుతో చెప్పని బాధ ఇంకొకటి ఉంది: నిద్రలో అంగం బిగిసి గంటల తరబడి అలాగే ఉండిపోవడం. రెండు గంటలు దాటితే ఆసుపత్రికి రావాలని వాళ్ల నాన్న చేత చెప్పించండి. ఆలస్యమైతే శాశ్వతంగా చెడిపోతుంది.

అన్ని రక్త జబ్బులూ ఇలాగే నడవవు, చుట్టాల్లో ఎవరైనా పోల్చుతారని చెబుతున్నాం. హిమోఫీలియా (గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు) ఉన్న అన్నదమ్ములకి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ శాతం ఇంచుమించు ఒకటే ఉంటుంది, తేడా ఎక్కువగా కనిపించేది దాన్ని మోసే ఆడపిల్లల్లో. హిమోగ్లోబిన్‌లోని ఇంకో రకం గొలుసు, బీటా, తగ్గే బీటా తలసీమియాలో మాత్రం ఆల్ఫా లోటు, ఎఫ్ రెండూ సికిల్‌లోలాగే తీవ్రతని మారుస్తాయి.

ఇక మరిది, చెల్లెలు. మీరు క్యారియర్ కాబట్టి మీ అమ్మానాన్నల్లో కనీసం ఒకరికి ఎస్ ఉంది. మీ చెల్లెలికి ఉండే అవకాశం తక్కువలో తక్కువ సగం. మీ మరిదికీ అంతే. ఇద్దరూ చూడటానికి దుక్కల్లా ఉన్నారన్నది లెక్కలోకి రాదు, మీరూ మీ ఆయనా కూడా అలాగే ఉన్నారు. మాట ఇచ్చుకోకముందే పరీక్ష చేయించండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లకి ఈ స్క్రీనింగ్ ఉచితం, పీహెచ్‌సీలో అడగండి. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకి. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు, ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. గర్భం 11 వారాలు దాటాక మాయ నుంచి ముక్క తీసి బిడ్డకి జబ్బు ఉందో లేదో చెప్పగలరు. కానీ ఆ బిడ్డ మీ బాబులా ఉంటుందో పాపలా ఉంటుందో ఆ పరీక్ష చెప్పదు. పాపని చూసి ధైర్యం తెచ్చుకుని పెళ్లికి ఒప్పుకుంటే అది లెక్క కాదు, జూదం.

ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయితే భయం లేదు, కానీ ఒక షరతు. ఊళ్లో క్యాంపులో చేసే సొల్యుబిలిటీ పరీక్ష ఎస్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. రెండో వాళ్లకి ఎస్ లేకపోయినా బీటా తలసీమియా ఉంటే బిడ్డకి రెండూ కలిసి సికిల్ జబ్బే వస్తుంది. కాబట్టి ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి శాతాలు చెప్పే పరీక్ష, కావాలి. ఎస్ లేని వాళ్ల కాగితంలో హెచ్‌బీఏ2 అని ఉన్న చోట 3.5 దాటిందేమో చూడండి, దాటితే బీటా తలసీమియా అనుమానించాలి. మరిది కాగితంలో ఎస్ 29 అని వస్తే, తక్కువే కదా అని ఎవరైనా అంటారు. వాళ్ల అన్న కాగితం పక్కన పెట్టి చూపించండి.